రాజురా అంగడి, చౌకిట్ బజారు

పరాయి రాష్ట్రంలో స్థిరపడ్డ తెలుగువాళ్ళం నలుగురం ఎక్కడ కలిసినా ముందు అడిగే ప్రశ్న "మీదేవూరండీ?" అని. రెండోది "మీ దగ్గర గోంగూర దొరుకుతుందా?" అని. మొదటి ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. రెండోదానికి మాత్రం "దొరక్కేం! వారం వారం అంగట్లో దొరుకుతుంది. కాకపోతే అక్కడ దాని పేరు గోంగూర కాదు" అని ధీమాగా చెబుతాను. ఈ నాలుగు పేజీలూ ఆ రెండో జవాబు గురించే. ఓపిగ్గా చదివితే మొదటిదానికి కూడా జవాబు దొరుకుతుందేమో చూడండి.

మేముండేది సాస్తి. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా, రాజురా తాలూకా. వార్ధా నదికి అవతల బల్లార్‌పూర్, ఇవతల మేము. బల్లార్షా స్టేషను పేరు చెబితే ఢిల్లీ రైలెక్కిన తెలుగువాళ్ళందరికీ తెలుస్తుంది. చాయ్ కేకలకు మెలకువ వచ్చి, "అప్పుడే మహారాష్ట్ర వచ్చేశామా" అని దుప్పటి ముసుగు తీసి చూసే స్టేషను అదే.

కొంచెం చరిత్ర చెప్పాలి, విసుక్కోకండి. 1956 దాకా రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. ఆ ఏడు రాష్ట్రాలు విడదీసి కలిపినప్పుడు బొంబాయి రాష్ట్రంలోకి పోయి మొదట నాందేడ్ జిల్లా కింద ఉంది. 1959లో చాందా జిల్లాకు మార్చారు. 1960లో మహారాష్ట్ర ఏర్పడింది. చాందా పేరు ఆ తర్వాత చంద్రపూర్ అయింది. అందుచేత మా తాలూకాలో తెలుగువాళ్ళు రెండు రకాలు. ఒక రకం, తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళు. వాళ్ళు ఎక్కడికీ వలస పోలేదు. వాళ్ళ గుమ్మం ముందునుంచి హద్దురాయి జరిగిపోయింది, అంతే. రెండో రకం మాలాగ బొగ్గు కోసం వచ్చినవాళ్ళు.

మా మామగారు గనులు జాతీయం కాకముందే, అంటే 1973కు ముందే, బల్లార్‌పూర్ బొగ్గు గనిలో చేరారు. 1975లో నాగపూర్ కేంద్రంగా వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడ్డాక ఆయన ఆ కంపెనీ మనిషి అయ్యారు. మావారు 1985లో ఈ ప్రాంతపు గనుల్లోనే చేరి చివరి ఇరవై ఏళ్ళూ సాస్తిలో చేశారు. పెళ్ళయి నేను పెద్దపల్లి దగ్గరి పల్లె నుంచి 1988లో ఇక్కడికి వచ్చాను. వచ్చిన మొదటి వారమే అత్తమ్మ నా చేతికి సంచీ ఇచ్చి, "పద బిడ్డా, అంగడికి పోదాం" అంది. నా మరాఠీ చదువు అలా మొదలైంది.

అత్తమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఆవిడ అంగడి నుంచి నష్టపోయి వచ్చిన రోజు లేదు. తన మొదటి అంగడి సంగతి మాత్రం నవ్వి నవ్వి చెప్పేది. కూరగాయలమ్మే ఆవిడ "కాయ్ పాహిజే, బాయీ?" అనడిగిందట. మరాఠీలో "కాయ్" అంటే "ఏమిటి" అని. ఏం కావాలమ్మా అని అడుగుతోంది పాపం. అత్తమ్మకు అర్థమైంది "కాయ" ఒక్కటే. "ఆఁ, కాయనే! బీరకాయున్నదా? సొరకాయున్నదా?" అందట. ఆవిడ మళ్ళీ "కాయ్?" అంది. "కాయనే తల్లీ, పండు గాదు!" అని అత్తమ్మ. ఇద్దరూ అలా కాసేపు "కాయ్", "కాయ" అనుకున్నాక పక్కన కుండలమ్మే ముసలాయన నవ్వాపుకోలేక తెలుగులో అర్థం చెప్పాడట. ఆయన హద్దురాయి జరిగిన రకం.

ఇంకోసారి బీరకాయలకు "వీస్ పైసే" అంటే, వీసం అడుగుతోంది కాబోలనుకుంది. వీసమంటే పదహారో వంతు. రూపాయిలో వీసమంటే అణా. అణా లెక్కన ఆరు పైసలు తీసి చేతిలో పెట్టి, "ఎంత చవకరా దేవుడా" అనుకుంటూ నడిచి వచ్చేస్తుంటే ఆవిడ వెనకనుంచి కొంగు పట్టుకుని ఆపిందట. మరాఠీ "వీస్" అంటే ఇరవై అని ఆ రోజు తెలిసింది. ఆ కూరలావిడా అత్తమ్మా ఆ తర్వాత ముప్పయ్యేళ్ళు స్నేహితులు.

అత్తమ్మతో తిరుగుతూ నేను గమనించిన విషయం ఒకటుంది. మన వైపు కూరల దగ్గర కూర్చుని "ఎంత?" అని తిన్నగా అడగం. "ఎట్లిచ్చినవ్?" అంటాం. మరాఠీలోనూ అంతే, "భాజీ కశీ దిలీ?" అంటారు. కూర ఎలా ఇచ్చావు అని. హిందీవాళ్ళూ "కైసే దియా?" అంటారు. ఎవరు ఎవరికి నేర్పారో గాని, మూడు భాషల వాళ్ళమూ అంగట్లో కూర్చుంటే డబ్బు సంగతి ఎత్తము, ఇవ్వడం సంగతి ఎత్తుతాము. అందుకే కాబోలు బేరం అయ్యాక ఇంకో పిడికెడు కొసరు అడిగితే తప్పు కాదు. ఇచ్చే చెయ్యి ఎలాగూ చాపే ఉంది, ఇంకొంచెం వంచమంటున్నాం, అంతే. పొద్దున్నే మొదటి బేరాన్ని మనం బోణీ అంటాం. వాళ్ళు భవానీ అంటారు. రెండుచోట్లా ఆ మొదటి నోటు కళ్ళకద్దుకుంటారు.

అంగడి ఎలా నడుస్తుందో పిల్లలకు తెలియదు కనుక రాస్తున్నాను. పెద్దవాళ్ళు మన్నించాలి. ఒక్కో ఊరికి వారంలో ఒక రోజు. అమ్మేవాళ్ళు ఈ రోజు ఈ ఊళ్ళో, రేపు పక్క ఊళ్ళో. తాడుమీద బట్టలు మారిస్తే ఎలా ఉంటుందో, చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి ఒకే బజారును వారమంతా అలా మార్చుకుంటూ ఉంటాయి. దుకాణానికి అద్దె లేదు, తలుపు లేదు. నాలుగు కర్రలు, ఒక పరదా, కింద గోనె. తైబజారు చీటీ కట్టి కూర్చుంటే ఆ నాలుగు గజాలూ ఆ పూటకు వాళ్ళవే. మరాఠీలో దీన్ని "ఆఠవడీ బాజార్" అంటారు. మా రాజురా అంగట్లో కూరగాయల వరసలు ఒకవైపు, మిరపకాయలు, పసుపు, ఎండుచేపలు ఒకవైపు. అడవి వైపు నుంచి వచ్చే గోండు, కోలాం వాళ్ళు వెదురు చేటలు, తట్టలు తెచ్చేవారు. ఎండాకాలం ఇప్పపువ్వు, సారపప్పు వచ్చేవి. గనిలో జీతాలు అందిన వారం అంగడి రూపే వేరు. ఆ వారం గాజుల దుకాణం, జిలేబీ బండి కూడా పెట్టేవారు. కూరలమ్మేవాళ్ళకు మా కంపెనీ జీతం తారీకు మాకంటే బాగా గుర్తు.

ఇక గోంగూర సంగతి. మా తెలంగాణలో అది పుంటికూర. మరాఠీలో అంబాడీ. జొన్నరొట్టె, అంబాడీ భాజీ ఇక్కడి రైతుల ఇంటి తిండి. అంటే మనం గోంగూర మన సొత్తని గొప్పలు పోతాంగాని, హద్దుకు ఇవతల కూడా అది ఎవరి పెరట్లో వాళ్ళకు సొంతమే. ఆ మాటకొస్తే బర్మాలో దాన్ని చిన్‌బౌంగ్ అంటారు, రోజూ తినే కూర అది.

సరే, అసలు సంగతికొస్తాను. 2024లో మావారికి అరవై నిండి పదవీ విరమణ అయింది. కంపెనీ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ముప్పయ్యారేళ్ళ కాపురం, ముప్పయ్యారేళ్ళ సామాను. ఎక్కడికి పోవాలి? మా ఇంట్లో ఉన్నది ముగ్గురమే, కాని దారులు మూడయ్యాయి. మావారు "పెద్దపల్లి పోదాం, అన్నదమ్ములున్నారు, సొంత ఊరు" అన్నారు. అమ్మాయి కౌలాలంపూర్‌లో ఉంటుంది. అల్లుడి ఉద్యోగం అక్కడే. అది ఫోనులో ఏడుపు మొహం పెట్టి, "నాన్నకు బీపీ, నీకు మోకాళ్ళు. రేపు ఏదన్నా అయితే నేను విమానమెక్కి వచ్చేదెప్పుడు? ఇక్కడికి వచ్చి మా దగ్గర ఉండండి" అంది. అది అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. నేను మాత్రం ఎటూ చెప్పలేదు. ఒక నెల్లాళ్ళు అక్కడికి వెళ్ళి చూసి వద్దామని తీర్మానించుకున్నాం. చూడడమంటే జంట గోపురాలు చూడడం కాదు, అక్కడ బతకగలమో లేదో చూడడం.

అమ్మాయి ఇల్లు పదిహేడో అంతస్తు. మొదటి వారం అల్లుడు పెద్ద పెద్ద దుకాణాలకు తీసుకెళ్ళాడు. కూరలన్నీ ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, మీద ధర అంటించి, చల్లగా వరసల్లో పడుకుని ఉన్నాయి. శుభ్రం చెప్పనక్కరలేదు. కాని గంటసేపు తిరిగినా ఎవరితో ఒక్క మాట మాట్లాడే పని పడలేదు. మావారికి అది నచ్చింది, నాకు నోరు తుప్పు పట్టినట్టయింది. రెండోవారం అమ్మాయిని పట్టుబట్టి, "మీ ఊళ్ళో అంగడి లేదా?" అని అడిగాను. "ఉంది గాని అక్కడ నేల తడిగా ఉంటుందమ్మా, జారతావు" అంది. నేల తడిగా లేకపోతే అది కూరల బజారెలా అవుతుంది!

చౌకిట్ అని మోనోరైలు స్టేషను ఉంది. అక్కడ దిగితే దగ్గర్లోనే బజారు. ఆ నగరంలో పెద్ద పచ్చి సరుకు బజార్లలో అదొకటి. లోపలికి అడుగు పెట్టగానే చేపల వాసన, కొత్తిమీర వాసన, తడి గోనెల వాసన కలిసి ఒక్కసారి మొహానికి తగిలాయి. చెబితే నవ్వుతారు, నాకు కళ్ళు చెమర్చాయి. మలయా వాళ్ళు, చీనా వాళ్ళు, తమిళులు, ఇండోనేసియా నుంచి బతకడానికి వచ్చినవాళ్ళు, అందరూ ఒకే గొడుగు కింద అరుస్తున్నారు. అరటిపువ్వు, మునక్కాయ, కరివేపాకు, పచ్చి పసుపు కొమ్ములు, అన్నీ ఉన్నాయి. అమ్మే ఆవిడ నన్ను చూసి "నక్ అపా?" అంది. నేను అమ్మాయివైపు తిరిగి "అపా అంటే ఏమిటే?" అన్నాను. "ఏమిటి" అంది అమ్మాయి. "అదే, ఏమిటని అడుగుతున్నా." "ఏమిటి అనే అమ్మా, అపా అంటే ఏమిటి అని!" ఆ చేపల మధ్య నిలబడి నేను పగలబడి నవ్వాను. అత్తమ్మ బతికుంటే ఆవిడా నవ్వేది. ఆవిడకు "కాయ్", నాకు "అపా". యాభై ఏళ్ళు గడిచినా, సముద్రం దాటినా, అంగట్లో కోడలి మొదటి పాఠం మారలేదు.

ఆ నెల్లాళ్ళలో ఆ ఒక్క బజారుకే ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. బజారును వాళ్ళు "పసార్" అంటారు. మన బజారు మాట పారశీకం నుంచి వచ్చిందని తెలుసు కదా, వాళ్ళదీ అక్కణ్ణించే వచ్చిందట. ధరను "హర్గా" అంటారు, అది సంస్కృతం అర్ఘ. చక్కెరకు "గులా" అంటారు, అది మన గుడమే, బెల్లం. ధనియాలకు "కెతుంబర్". మన కొత్తిమీర, మరాఠీ కోథింబీర్, ఆ కెతుంబర్, మూడూ పక్కపక్కన పెట్టి పలికి చూడండి, అక్కచెల్లెళ్ళ పోలిక తెలుస్తుంది. పెద్ద వయసు ఆడవాళ్ళను "మక్‌చిక్" అని పిలుస్తారు. మక్ అంటే అమ్మ, చిక్ అంటే చిన్న అని అమ్మాయి స్నేహితురాలు చెప్పింది. అంటే నన్ను వాళ్ళు చిన్నమ్మా అని పిలుస్తున్నారన్నమాట! రాజురాలో నేను "తాయీ"ని, మన వైపు "అక్క"ని, చౌకిట్‌లో "చిన్నమ్మ"ని. పెద్ద దుకాణంలో మాత్రం ఎక్కడైనా "మేడమ్"నే. మేడమ్‌కు కొసరు వెయ్యరు.

ధర దగ్గర మాత్రం వాళ్ళు మనలాగా "ఎట్లిచ్చినవ్" అనరు, "బెరాపా?" అని ఎంతో తిన్నగా అడుగుతారు. అయినా బేరం తెగాక "తంబా సికిత్", అంటే ఇంకొంచెం కలపమని అడగడం నేర్చుకున్నాను. నాలుగోసారి వెళ్ళినప్పుడు ఆ కరివేపాకు ఆవిడ నేను అడక్కముందే రెండు రెబ్బలు ఎక్కువ వేసింది.

అక్కడ "పసార్ మాలం" అని రాత్రి బజార్లు కూడా ఉన్నాయి. మాలం అంటే రాత్రి. ఒక్కో పేటకు వారంలో ఒక రోజు. తామన్ కోనాట్ అనే చోట బుధవారం, పొడుగు చూస్తే ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియదు. అమ్మేవాళ్ళు వ్యానులో సరుకు వేసుకుని రోజుకో పేట తిరుగుతారు. అచ్చం మన అంగడే, కాకపోతే పొద్దు గూకాక. మావారు కూడా అక్కడ కాల్చిన మొక్కజొన్న కండె తింటూ, "ఇది మన రాజురానే" అని ఒప్పుకున్నారు. రైతులే తెచ్చి అమ్ముకునే "పసార్ తాని" అని ఇంకోటి ఉంది, అక్కడి ప్రభుత్వ సంస్థ 1985లో మొదలుపెట్టిందట. మన ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన రైతు బజారు లాంటిది.

ఆ ఊరి పుట్టుక విన్నాక నాకు మరింత దగ్గరితనం తోచింది. 1857లో తగరం తవ్వడానికి నది వెంట పైకి వచ్చిన గని కూలీలు వేసిన మకాం అది. క్లాంగ్, గొంబాక్ అనే రెండు నదులు కలిసే బురద రేవు. ఆ పేరుకు అర్థమే బురద సంగమం. మొదట వచ్చినవాళ్ళలో చాలామంది మలేరియాతో పోయారు. అయినా మళ్ళీ వచ్చారు. గని ఉన్నచోట కూలీలు, కూలీలున్నచోట కూరల గంప. ఆ ఊరి నడిబొడ్డున సెంట్రల్ మార్కెట్ అని 1888లో వెలిసిన పచ్చి సరుకు బజారు ఉంది. ఇప్పుడున్న కట్టడం 1930లలోది. 1980లలో చేపలూ కూరలూ అక్కణ్ణించి తరలించి, కట్టడాన్ని కూలగొట్టకుండా చేతిపనుల బజారుగా మార్చారు. చూడడానికి బాగుంది. కాని నేల పొడిగా ఉంది.

అక్కడి తెలుగు సంఘం వాళ్ళు పిలిస్తే ఒక సాయంత్రం వెళ్ళాం. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ కౌలాలంపూర్‌లోనే. మలేసియా తెలుగువాళ్ళలో చాలామంది తాత ముత్తాతలు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి రబ్బరు తోటలకు వెళ్ళినవాళ్ళు. అక్కడ ఒక పెద్దావిడ, డెబ్బయి దాటి ఉంటుంది, నా పక్కన కూర్చుంది. తెలుగు చదవడం రాదు. పిల్లలకు మాట్లాడడం కూడా అంతంతమాత్రమట. నేను చౌకిట్ బజారు కబుర్లు చెబుతుంటే, "మా నాయనమ్మ దాన్ని సంత అనీది. తోటలో జీతం ఇచ్చిన రోజు సంత. నాకు ఆ మాట జ్ఞాపకముండిపోనాది. సంత, బెల్లం, కొసరు" అంది. మూడు తరాల తర్వాత ఆవిడ దగ్గర మిగిలిన తెలుగులో పద్యాలు లేవు, శతకాలు లేవు. సంత, బెల్లం, కొసరు ఉన్నాయి. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. భాష పుస్తకాల్లో నిలుస్తుందని మనం సంఘాలు పెట్టుకుంటున్నాం, పెట్టుకోవాలి కూడా. కాని అది ముందు నిలిచేది సంచీలో అని ఆవిడ చెప్పకనే చెప్పింది.

తిరిగి వచ్చాక మా అంగడిని కొత్త కళ్ళతో చూశాను. అది మునుపటిలా లేదు. గనులు విస్తరించి పొలాలు తగ్గాయి. చుట్టుపక్కల పల్లెల కూర తగ్గి, దూరం నుంచి లారీల్లో వచ్చే కూర పెరిగింది. కాలనీలో పదవీ విరమణలు ఎక్కువ, కొత్త కొలువులు తక్కువ, తాళం వేసిన క్వార్టర్లు కనబడుతున్నాయి. 2020 మార్చిలో కరోనా వచ్చి బజార్లన్నీ మూసినప్పుడు, గోనె మీద బతికేవాళ్ళ గోనె ఎత్తేస్తే ఏమవుతుందో అందరమూ చూశాం. అదే నెలలో మలేసియాలోనూ మూశారని అమ్మాయి చెప్పింది.

ప్రభుత్వాలు వీధి వ్యాపారిని రెండు రకాలుగా చూస్తాయి, అడ్డమని తీసేయడం ఒకటి, చోటు చూపించడం ఇంకొకటి. సింగపూర్‌లో 1970, 80 దశకాల్లో వీధుల్లోని తిండి బండ్లన్నీ కప్పుకింది కేంద్రాల్లోకి మార్చారు. 2020లో ఆ హాకర్ సంస్కృతికే యునెస్కో జాబితాలో చోటు దక్కింది. మన దేశంలో 2014లో వీధి విక్రేతల చట్టం వచ్చింది. పట్టణాల్లో సర్వే చేసి గుర్తింపు పత్రం ఇవ్వకుండా ఎవరినీ లేపకూడదని, ఎక్కడ అమ్మాలో తేల్చే పట్టణ కమిటీలో కనీసం నూటికి 40 మంది అమ్మేవాళ్ళే ఉండాలని, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలని అందులో ఉంది. 2020లో స్వనిధి పథకం కింద పదివేల రూపాయల తొలి అప్పు ఇవ్వడం మొదలుపెట్టారు. ఈ సంగతులు మీ వీధి కూరలమ్మకు తెలుసో లేదో అడగండి. తెలియకపోతే చెప్పండి. పత్రికలు చదివే మనకు తెలిసి ఆవిడకు తెలియకపోతే ఆ చట్టం ఎవరి కోసం?

మా అంగట్లో అంబాడీ అమ్మే ముసలమ్మ ఉంది. అత్తమ్మ కాలం నుంచి తెలుసు. వాళ్ళ పొలం గనిలోకి పోయింది, బదులుగా కొడుక్కి కొలువు వచ్చింది. కొడుకు బాగానే చూసుకుంటాడు, అంగట్లో కూర్చోవద్దని పోరుతాడు కూడా. అయినా పెరట్లో నాలుగు మళ్ళు వేసి, కోసుకుని వస్తుంది. పక్కన మనవడు పెట్టిన క్యూఆర్ అట్ట. నెల తర్వాత నన్ను చూడగానే, సగం తెలుగూ సగం మరాఠీలో, "ఎటు పోయినవ్ తాయీ? నాలుగు బాజార్లు జాలే, నువ్వు కానరాలె. మీ ఆయనకు బరా ఉందా?" అంది. నాలుగు అంగళ్ళు గడిచాయి, నువ్వు కనబడలేదు, ఆయన బాగున్నాడా అని. ఇంటికొచ్చి మావారికి ఆ మాట చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు. ఆయన చాలాసేపు ఊరుకుని, "పెద్దపల్లిలో మనల్ని నాలుగు వారాలు లెక్కపెట్టేవాళ్ళు ఎవరున్నారు? అన్నలు ముసలివాళ్ళయ్యారు, పిల్లలు హైదరాబాదులో ఉన్నారు" అన్నారు.

అమ్మాయికి చెప్పడం మాత్రం తేలిక కాలేదు. "అంటే కూరలమ్మే ఆవిడ ముఖ్యమా, నేను ముఖ్యమా?" అంది. "నువ్వే ముఖ్యం తల్లీ. కాని పదిహేడో అంతస్తులో నేను రోజంతా నీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాను, నువ్వు రోజంతా ఆఫీసులో నా గురించి బెంగపడుతూ కూర్చుంటావు. ఇక్కడైతే నేను కనబడకపోతే అడిగేవాళ్ళు పదిమంది ఉన్నారు" అన్నాను. అది ఫోను పెట్టేసింది. రెండు రోజులు చెయ్యలేదు. మూడోరోజు చేసి, "రాజురాలో ఇల్లు చూస్తే మెట్లు లేకుండా చూడండి, మోకాళ్ళు జాగ్రత్త. ఏడాదికో నెల మాత్రం ఇక్కడికి రావాలి" అంది. ఒప్పుకున్నాం. అది పూర్తిగా సమాధానపడిందని నేననుకోను. తల్లీబిడ్డల మధ్య బేరాలు ఒక్క పూటలో తెగవు.

రాజురాలో మెట్లు లేని రెండు గదుల ఇల్లు కొన్నాం. అంగడికి నడిచి వెళ్ళేంత దూరం. కిందటి సెలవుల్లో అమ్మాయి వచ్చినప్పుడు నా ఆరేళ్ళ మనవరాల్ని వెంట తీసుకుపోయాను. ఒక ఉపాయం చేశాను, మీకూ పనికొస్తుందని చెబుతున్నాను. పిల్ల చేతికి ఇరవై రూపాయలిచ్చి, "ఒక కూర నువ్వే కొనాలి. దాని పేరు మూడు భాషల్లో తెలుసుకుని రావాలి" అన్నాను. పిల్ల ముసలమ్మ ముందు కూర్చుంది. అంబాడీ, పుంటికూర, గోంగూర అని వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. నాలుగో వేలు మిగిలితే, "కౌలాలంపూర్ పేరు అక్కడికి పోయాక అడిగి చెబుతా" అంది. ముసలమ్మ ఆ చిన్న చేతుల్లో కట్ట పెట్టి, పైన ఇంకో పిడికెడు వేసింది.

ఈ పత్రిక చదివే కుటుంబాలు భిలాయి నుంచి సూరత్ దాకా, ముంబై నుంచి మస్కట్ దాకా ఉన్నాయి. మీ ఊళ్ళో అంగడి ఏ వారమో, అక్కడ గోంగూరను ఏమంటారో, మిమ్మల్ని ఏ వరసపెట్టి పిలుస్తారో రాసి పంపండి. పిల్లలచేత రాయిస్తే మరీ మంచిది. ఉత్తరం పొడుగ్గా ఉండనక్కరలేదు. సంచీలో ఏముందో రాసినా చాలు.